ఇంట్లో ఎవరో పడుకున్నట్టు పాడే ఆల్బమ్

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త ఆల్బమ్ కాదు. సుఫ్యాన్ స్టీవెన్స్ అనే అమెరికా ఆయన 2004 మార్చిలో తెచ్చిన 'సెవెన్ స్వాన్స్'. మొత్తం 12 పాటలు, దాదాపు 46 నిమిషాలు. ఎక్కువగా బ్యాంజో, గిటారు, మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండే ఓ గొంతు, అప్పుడప్పుడు వెనకాల ఆడగొంతులు. పాటల నిండా బైబిలే, కానీ చర్చిలో అందరూ లేచి నిలబడి పాడే రకం కాదు. ఇరవై ఏళ్ళు దాటిన దానికి ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారేమో. నెల రోజులుగా నేనిది దొరికినవాళ్ళందరికీ వినిపిస్తున్నా, వినమని బతిమాలుతున్నా, ఆఫీసులో ఒకరిద్దరైతే నన్ను చూసి ఇయర్‌ఫోన్స్ దాచుకునే దాకా వచ్చింది, చివరికి చూస్తే వాళ్ళన్న మాటలే నాకు పాటల కంటే ఎక్కువ గుర్తుండిపోయాయి. కాబట్టి ఇందులో సగం నా రివ్యూ, సగం వాళ్ళది.

మొదటిది మా అమ్మది. ఆదివారం పొద్దున, తార్నాకలో మా ఫ్లాట్ హాల్లో పాత పేపర్ పరుచుకుని గోంగూర ఒలుస్తోంది. ఆకు గిన్నెలోకి, ఎర్రటి కాడలు పేపర్ మీదకి. నేను పక్కన చేరి, సాయం చేస్తున్నట్టు నాలుగు కాడలు చేతిలో పట్టుకుని, ఫోన్ స్పీకర్లో మొదటి పాట పెట్టా. ఒకటయింది, రెండయింది, మూడూ అయింది, అమ్మ ఏమీ అనలేదు. అమ్మకి ఇంగ్లీషు రాదు, కాబట్టి మాటల గోల లేదు, వినపడుతున్నది గొంతూ తీగలే. నాలుగో పాట మధ్యలో తలెత్తి అడిగింది: "ఎవర్రా ఈ పిల్లాడు? ఇంట్లో ఎవరన్నా పడుకున్నారా, అంత మెల్లిగా పాడుతున్నాడు?"

ఈ ఆల్బమ్ గురించి నేను చదివినవాటిలో, విన్నవాటిలో ఇంత సరైన మాట ఇంకోటి లేదు. నిజంగానే పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు, వాళ్ళకి నిద్రాభంగం కాకుండా దేవుడితో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోదాం అన్నట్టు పాడతాడు. మనకి అలవాటైన భక్తి చప్పుడు వేరు. చవితి పందిట్లో బాక్సులకి మా కిటికీ అద్దాలు గజగజలాడతాయి, గుడి మైకు తెల్లారకుండానే మొదలవుతుంది, ఆదివారం ఆరాధనకి డ్రమ్ముల సెట్టు లేని చర్చి ఇప్పుడు దొరకడం కష్టం. వాటిని తప్పు పట్టడం లేదు, నిమజ్జనంలో గొంతు పోయేలా అరిచి మూడు రోజులు మిరియాల పాలు తాగినవాణ్ణే. కానీ ఆ చెవులతో నేరుగా ఇందులోకి వస్తే మొదటి పది నిమిషాలు ఏదో సౌండ్ సెట్టింగ్ తప్పయిందేమో అనిపిస్తుంది. నేనైతే నిజంగా ఫోన్ సెట్టింగ్స్ తెరిచి చూశా.

ఆయన గురించి కొంచెం. చాలామందికి ఈయన 2017లో వచ్చిన ఒక సినిమా పాటతో తెలుసు, అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. అంతకుముందు 2003లో తన సొంత రాష్ట్రం మిచిగాన్ పేరుతో ఒక ఆల్బమ్, 2005లో ఇలినాయ్ మీద ఇంకోటి చేశాడు. 50 రాష్ట్రాలకీ 50 ఆల్బమ్‌లు చేస్తానన్నాడు, రెండు చేసి ఆపాడు, తర్వాత అది ప్రచారం కోసం వేసిన జోకని తనే ఒప్పుకున్నాడు. ఎన్నికల మేనిఫెస్టోలు చదివి పెరిగినవాళ్ళం, మనకి ఇదో లెక్క కాదు. ఆ రెండు పెద్ద ఆల్బమ్‌ల మధ్య సందులో వచ్చింది ఈ చిన్నది. ప్రొడ్యూసర్ డేనియల్ స్మిత్, న్యూజెర్సీలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిసి నడిపే డేనియల్సన్ అనే బ్యాండ్ ఆయనది, వెనకాల వినిపించే ఆడగొంతులు ఆ ఇంటివాళ్ళవే. ఇలినాయ్ ఆల్బమ్‌లో బాకాలు, వయొలిన్లు విని ఇటు వచ్చేవాళ్ళు మాత్రం జాగ్రత్త, పెళ్ళి భోజనానికని వెళ్తే పెరుగన్నం పెట్టినట్టుంటుంది. పెరుగన్నం బాగుంటుంది, అది వేరే సంగతి.

పేరు దగ్గర ఒక తమాషా జరిగింది. ఆఫీసులో నా పక్క సీటు కొలీగ్‌ది పాతబస్తీలో యాకుత్‌పుర. స్క్రీన్ మీద పేరు చూసి, "సుఫ్యాన్? మావోడా భాయ్?" అన్నాడు. మావోడు కాదు, మీవోడు కాదు, అమెరికాలో డెట్రాయిట్‌లో పుట్టినోడు అని చెప్పా. ఆ పేరు వెనక కథ నిజంగానే ఉంది. ఈయన పుట్టినప్పుడు అమ్మానాన్నలు సుబుద్ అనే ఒక ఆధ్యాత్మిక బృందంలో ఉన్నారు, ఏ మతంవాళ్ళయినా చేరగలిగే బృందం అది, దాని స్థాపకుడే ఈ పేరు పెట్టాడు. ఇస్లాం తొలినాళ్ళ చరిత్రలో అబూ సుఫ్యాన్ అని వింటామే, ఆ పేరే. పెరిగి క్రైస్తవ పాటలు కట్టాడు. మా కొలీగ్ అంతా విని, "పేరేమో చార్మినార్‌ది, పాటలేమో సికింద్రాబాద్ చర్చివి, మధ్యల ట్యాంక్‌బండ్ మీద నిలబడ్డడు" అన్నాడు.

వాడికి బ్యాంజో దగ్గర కూడా పేచీ వచ్చింది. ఇందులో బ్యాంజో ఎక్కువ అని నేనంటే, ఏది, వినిపించడం లేదే అంటాడు. తర్వాత తెలిసింది, వాడికి బ్యాంజో అంటే కవ్వాలీ పార్టీల్లో వాయించే బుల్‌బుల్ తరంగ్, టైప్‌రైటర్ లాగా మీటలుంటాయి చూడండి, అది. మన దగ్గర దాన్నే బ్యాంజో అంటారు, వాడి తప్పేం లేదు. అమెరికా బ్యాంజో వేరే, గుండ్రటి చట్రానికి డోలు లాగా చర్మం బిగించి పైన తీగలు కడతారు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళతో పాటు అక్కడికి చేరిన వాయిద్యం. ఐదు తీగల బ్యాంజోలో ఐదోది పొట్టి తీగ, దాన్ని నొక్కరు, మధ్యమధ్యలో ఒకే స్వరం మీద మోగుతూ ఉంటుంది. మొదటి పాటలో చెవి పెట్టి ఆ ఒక్క తీగనే వెతకండి. పైన గొంతు ఎటు పోయినా కింద అది అక్కడే టింగుటింగుమంటూ ఉంటుంది, హరిదాసు తంబూరాలో శ్రుతి లాగా. అది పట్టుబడ్డాక నాకీ ఆల్బమ్ పరాయిది అనిపించడం ఆగిపోయింది.

రోజూ వినేది మాత్రం మెట్రోలో. తార్నాకలో ఎక్కి రాయదుర్గంలో దిగేసరికి ఇంచుమించు ఆల్బమ్ అయిపోతుంది, చివరి పాట ఎస్కలేటర్ మీద. లెక్క కుదిరింది కానీ చోటు కుదరలేదు. పరేడ్ గ్రౌండ్ దాకా ఫరవాలేదు, అమీర్‌పేట్‌లో ఎల్‌బీనగర్ వైపు నుంచి మారేవాళ్ళు ఎక్కాక, ఒకరి బ్యాగు నా మోచేతిలో, ఇంకొకరి ఫోన్లో రీల్స్, పైనుంచి మూడు భాషల్లో స్టేషన్ పేరు, తలుపులు ఏ వైపో చెప్పే అనౌన్స్‌మెంట్, వీటన్నిటి కింద సుఫ్యాన్ గొంతు అణిగిపోతుంది, బ్యాంజో మాత్రం సన్నగా ఈగలా మిగులుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ పెట్టుకుంటే నయమే, కానీ అప్పుడు నా సమస్య ఏంటంటే మాధాపూర్‌లో దిగే ఆయన "సైడ్ ప్లీజ్" అని ఎన్నిసార్లు అన్నాడో వినపడక ఒకసారి తిట్టించుకున్నా. రాత్రి ఏడు గంటల మెట్రోలో ఇది వినకండి, రాత్రి పదకొండుకి, ఫ్యాన్ చప్పుడు ఒక్కటే ఉన్నప్పుడు వినండి.

క్యాబ్‌లో అయితే అసలే వద్దు. శంషాబాద్ నుంచి అర్ధరాత్రి వస్తూ, డ్రైవర్‌ని అడిగి ఫోన్ కలిపా. రెండు పాటలు విన్నాడు పాపం, మూడోది మొదలవగానే, "అన్నా, ఏమనుకోకు, జర బంద్ చేస్తవా, నాకు నిద్రొస్తున్నది" అన్నాడు. వెంటనే బంద్ చేశా. ఆయన తన దగ్గరున్న జానపదం ఏదో పెట్టాడు, డప్పు దరువు, కిటికీలు దించాం, ఇంటి దాకా ఇద్దరం మెలకువగానే ఉన్నాం. డ్రైవింగ్‌కి పనికిరాదు అని రాసిపెట్టుకోండి, ఇది భద్రతా సూచన.

ఇక ఐదో పాట. ఇక్కడ కాసేపు ఆగాలి.

పేరు 'అబ్రహామ్', రెండున్నర నిమిషాలే. మాటలు ఒక చిన్న కాగితం మీద పట్టేస్తాయి. దేవుడు కొడుకుని బలి ఇమ్మంటే కట్టెలు కొడుకు మీదే పెట్టి కొండెక్కిన అబ్రాహాము, చెయ్యెత్తిన క్షణంలో దేవదూత రావడం, కొడుకు బదులు పొట్టేలు. అంతే. ఏడుపు లేదు, భయం లేదు, ఎక్కడా గొంతు పెంచడు. కథ తెలిసినవాడికి ఒళ్ళు జలదరించేది ఆ ప్రశాంతతకే.

అమ్మ ఆ ఆదివారమే కథ చెప్పమంది. చెప్పా. గోంగూర పక్కన పెట్టి వింది. అయిపోయాక, "ఇది మన చిరుతొండ నంబి కథే కదరా" అంది. నాకు తట్టనే లేదు. శ్రీనాథుడి హరవిలాసంలో ఉన్న కథ, అమ్మ మాత్రం చిన్నప్పుడు భద్రాచలం దగ్గర వాళ్ళ ఊళ్ళో హరికథలో విన్నదట. శివుడు జంగమయ్య వేషంలో వచ్చి నీ కొడుకు మాంసమే వండిపెట్టాలంటే, చిరుతొండడూ భార్యా సిరియాళుణ్ణి వండి వడ్డిస్తారు, కొడుకు లేనిదే తినను పిలవండి అని ఆయన పట్టుబడితే, పిలవగానే పిల్లాడు వీధిలోంచి పరిగెత్తుకుంటూ వస్తాడు. "వాళ్ళ దేవుడు నయం, చెయ్యి ఎత్తగానే ఆపాడు. మన శివయ్య వండించాక గానీ ఆగలేదు" అంది. కాసేపాగి మళ్ళీ తనే, "మన కథలో తల్లి ఉంటుందిరా. ఆమే వండింది. మీ పాటలో తల్లి ఏది?"

నా దగ్గర జవాబు లేదు. పాట మళ్ళీ పెట్టి విన్నా, లేదు. మర్నాడు ఆఫీసులో మా యాకుత్‌పుర వాడికి ఈ సంగతి చెప్తే, వాడికి ఇది బక్రీద్ కథ, పేర్లు ఇబ్రహీం, ఇస్మాయిల్. "మా దాంట్ల అమ్మ ఉంది భాయ్, హాజరా. అమ్మీ చెప్పేది చిన్నప్పుడు, షైతాన్ వచ్చి హాజరాకి చెప్తాడంట, నీ కొడుకుని కోస్తున్నడు పోయి ఆపుకో అని. ఆమె రాయి తీసి కొట్టింది. హజ్‌ల రాళ్ళేస్తరు కదా, అందుకే." అని చెప్పి పాట మళ్ళీ అడిగి తీసుకున్నాడు, రెండోసారి విని, "ఇది కవ్వాలీ అయితే ఈ ఒక్క ముక్క మీద గంట పాడుదురు" అన్నాడు. వాడు నాంపల్లి యూసుఫైన్ దర్గాలో గురువారం కవ్వాలీకి పోయే మనిషి, ఒకే లైను ఇరవై సార్లు తిప్పి తిప్పి పాడి ఇరవయ్యోసారి ఏడిపించే పద్ధతి అలవాటు. ఒక్కసారి చెప్పి ఊరుకునేవాణ్ణి చూస్తే వాడికి కడుపు నిండలేదు. వాడి ఫిర్యాదు న్యాయమైనదే.

మూడో మనిషి నా ఇంజినీరింగ్ ఫ్రెండ్, సికింద్రాబాద్‌లో చర్చి క్వయర్‌లో పాడతాడు. వాడి ముందు తల్లి ప్రశ్న పెట్టా. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "రేయ్, ఆదికాండం 22వ అధ్యాయంలో తల్లి శారా పేరే రాదు. 23 మొదలవగానే చనిపోతుంది" అన్నాడు. అంతే అన్నాడు. ఇరానీ హోటల్లో చుట్టూ గోల, ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు మధ్యలో, మేమిద్దరం ఒక నిమిషం ఏమీ మాట్లాడుకోలేదు. ఈ పాటలో అంత ఖాళీ వదిలిపెట్టాడు కాబట్టే ముగ్గురూ ముగ్గురి అమ్మల్ని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. వయొలిన్లు, కోరస్‌లు పెట్టి నింపేసి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు.

అయితే వాడు ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకున్నాడా అంటే లేదు. మొదటి పాట పేరు చూడగానే యెషయా 55వ అధ్యాయం, 12వ వచనం అని నంబరుతో సహా చెప్పాడు, "పొలములోని చెట్లన్నియు చప్పట్లు కొట్టును" అని తెలుగు బైబిల్ మాట అప్పజెప్పాడు. చివరి పాట రూపాంతరం కథ, కొండ మీద యేసు ముఖం వెలిగిపోవడం, మోషే, ఏలీయా కనిపించడం, మేఘంలోంచి మాట వినిపించడం, అది సువార్తలో ఎలా ఉందో వరస తప్పకుండా అలాగే చెప్పాడని మెచ్చుకున్నాడు. కానీ తొమ్మిదో పాటకి మొహం మాడ్చాడు. అది ఫ్లానరీ ఓకానర్ అనే అమెరికా రచయిత్రి కథ మీద కట్టిన పాట, కథ పేరే పాట పేరు. కారులో బయల్దేరిన ఒక కుటుంబం దారి తప్పి, జైలు నుంచి పారిపోయిన హంతకుడి చేతిలో పడుతుంది. పాట ఆ హంతకుడి నోటితో నడుస్తుంది. "ఇదేం ఆరాధనరా బాబూ, చంపినోడితో పాడించడం?" అని వాడు. ఓకానర్ గట్టి క్యాథలిక్, ఆమె కథల్లో దేవుడి కృప ఎప్పుడూ ఇలాంటి భయంకరమైన చోటే తగులుతుంది అని నేను. సిలువ మీద పక్కనున్న దొంగ సంగతేంటి అని కూడా అడిగా. వాడు ఒప్పుకోలేదు. "వీడికి సన్నిధి ఉంది, సాక్ష్యం లేదు" అన్నాడు. వాళ్ళ భాషలో సాక్ష్యం అంటే పదిమంది ముందు లేచి దేవుడు నాకిది చేశాడు అని చెప్పడం. సుఫ్యాన్ ఎక్కడా లేచి నిలబడడు, నిజమే.

వాడి నానమ్మ పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడేదట, 19వ శతాబ్దంలో తెలుగు క్రైస్తవ పాటకి దారి వేసినాయన. రాగం, తాళం, పల్లవి, అన్నీ మన కీర్తన పద్ధతే. ఆ పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇప్పటికీ వాడి ఇంట్లో ఉంది, కానీ వాడి చర్చిలో ఇప్పుడు స్క్రీన్ మీద లిరిక్స్, కీబోర్డులో ప్యాడ్ సౌండ్. "నానమ్మ పొద్దున్నే వంటింట్లో ఒక్కతే పాడుకునేది చూడు, ఈ ఆల్బమ్ చప్పుడు అలా ఉంది" అన్నాడు చివరికి. ఇంత మెచ్చుకోలు వాడి నోటెంట రావడమే ఎక్కువ.

నాలుగో పాట దగ్గర మా అందరికీ గొడవ. పేరుకి అర్థం 'నీతో ఒంటరిగా ఉండటానికి'. మిచిగాన్ సరస్సు ఈదుకొస్తా, బూట్లు అమ్మేస్తా అంటాడు. (మన దగ్గర హుస్సేన్‌సాగర్ ఈదుతానంటే ప్రేమ అనరు, ఏ డాక్టర్‌ని చూస్తున్నావ్ అంటారు.) సగం దాకా ప్రేమపాటే, ఎవరో అమ్మాయికో అబ్బాయికో. తర్వాత నువ్వు నాకోసం చెట్టెక్కావు, నీ బట్టలు తీసుకున్నారు అన్న చోట కళ్ళు తెరుచుకుంటాయి, ఇది సిలువ కదా అని. క్వయర్ వాడు ఇది ఏకాంత ప్రార్థన, అనుమానమే లేదన్నాడు. మా మేనల్లుడు, ఇంటర్ సెకండియర్, "మామా, పక్కా బ్రేకప్ సాంగ్" అన్నాడు. అమ్మకి అర్థం చెప్తే, ధనుర్మాసంలో పొద్దున్నే లేచి పాశురాలు వినే మనిషి కదా, ఆండాళ్ రంగనాథుణ్ణి మొగుడనుకోలేదా, ఇందులో గొడవ పడేదేముంది, అని రెండు ముక్కల్లో తేల్చి పప్పు పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది. నా ఓటు అమ్మకే.

కానీ అమ్మకి కూడా ఒక అసంతృప్తి ఉంది. భద్రాచలం పక్కన పెరిగింది, ఆమె లెక్కలో భక్తుడంటే రామదాసు. గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు జైల్లో ఉండి, సీతమ్మకి చేయించిన చింతాకు పతకానికి ఎంతయిందో లెక్క చెప్పి, రాముణ్ణే నిలదీసిన మనిషి. "ఈ పిల్లాడు దేవుణ్ణి ఒక్క మాట కూడా అనడేంరా, అంత మొహమాటం దేనికి?" అంది. ఇది నాకూ అనిపించింది. పన్నెండు పాటల్లో ఒక్కసారయినా కసురుకుంటే బాగుండేది. ఆ కోపం ఆయనకి తర్వాత వచ్చింది, తల్లి పోయాక 2015లో చేసిన ఆల్బమ్‌లో, అదీ ఇంత మెల్లిగానే ఉంటుంది కానీ లోపల గాయం ఉంటుంది. మొదటిసారి వినేవాళ్ళకి నేను అది ఇస్తానా, ఇది ఇస్తానా అంటే ఇంకా తేల్చుకోలేదు.

మిగతా తప్పులు గబగబా చెప్పేస్తా. ఆరో పాట 'సిస్టర్' ఆరు నిమిషాలు, గొంతు ఎప్పుడొస్తుందా అని సగం పాట ఎదురుచూడాలి, వచ్చాక బాగుంటుంది కానీ అప్పటికి సగంమంది తర్వాతి పాట నొక్కేస్తారు, మా మేనల్లుడు నలభై సెకన్లకే నొక్కేశాడు. ఏడు, ఎనిమిది పాటలు ఒకటే పాటలా వినిపిస్తాయి, నెల తర్వాత కూడా ఏది ఎక్కడ ఆగిందో నాకు తెలియడం లేదు. పదకొండోది, ఆల్బమ్ పేరున్న పాట, దాని గురించి మాత్రం హెచ్చరిక ఉంది. సన్నగా మొదలవుతుంది, వినపడక మీరు సౌండ్ పెంచుతారు, నాలుగైదు నిమిషాలు ఏడు హంసలు, ఆకాశంలో గుర్తు, నిప్పు అంటూ బైబిల్ చివర ఉండే ప్రకటన గ్రంథం వాసన కొడుతూ నడిచి, చివర్లో డ్రమ్ములూ గొంతులూ ఒక్కసారిగా మీద పడతాయి. నేను రాత్రి పడుకుని వింటూ మంచం మీద లేచి కూర్చున్నా. పదిన్నర పాటలు ఇంట్లోవాళ్ళ నిద్ర చెడకుండా పాడినవాడు ఆ చివరి రెండు నిమిషాల్లో వీధి వీధంతా లేపుతాడు. అదొక్కటే మా కవ్వాలీ వాడికి నచ్చింది.

మేనల్లుడు గిటారు నేర్చుకుంటున్నాడు కాబట్టి వాడి రివ్యూ ఒక్క లైను: "వాయించడం ఈజీ మామా, అలా వాయించి ఊరుకోవడం కష్టం." పదిహేడేళ్ళవాడు అన్నాడు, నేను పైకి మెచ్చుకోలేదు, పొగరెక్కుతుంది.

ఇక డబ్బుల సంగతి. ఫ్రీ యాప్‌లో వినకండి. 'అబ్రహామ్' అయిన వెంటనే, పొట్టేలు ఇంకా కొండ మీదే ఉండగా, "ఐదు నిమిషాల్లో పర్సనల్ లోన్!" అని ఒకడు అరిచాడు. అమ్మ ఉలిక్కిపడి, "వీడింట్లో మాత్రం ఎవరూ పడుకోలేదు" అంది. ప్రీమియం కట్టుకోండి, లేదా కొని దాచుకోండి. నేను ఆవేశంలో ఎల్‌పీ కూడా ఆర్డర్ పెట్టా, ఒక ఆన్‌లైన్ షాపులో, షిప్పింగ్‌తో కలిపి మూడు వేల పైచిలుకు. మూడు వారాలకి వచ్చింది, అట్ట పెట్టె ఒక మూల నలిగి, లోపల రికార్డు వేయించిన అప్పడంలా వంగి. ఫొటోలు తీసి పంపా, వీడియో అడిగారు, వీడియో పంపా, పెట్టె తెరుస్తున్న వీడియో కావాలన్నారు, పెట్టె తెరిచేటప్పుడు నాకు రెండు చేతులే ఉన్నాయని రాశా, ఇప్పటిదాకా జవాబు లేదు. ఎల్‌పీ తెప్పించుకునేవాళ్ళు ముందు కెమెరా ఆన్ చేసి కత్తెర పట్టుకోండి.

మార్కులు అడిగితే పదికి ఏడున్నర. ఐదో పాటకి విడిగా పది.

మొన్న ఆదివారం ఆ వంగిన రికార్డునే పెట్టి చూశా. ప్లేయర్ మీద అది తిరుగుతుంటే ముల్లు పడవలా లేస్తోంది, పడుతోంది, బ్యాంజో సాగుతోంది, మళ్ళీ కుంచించుకుపోతోంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ కాసేపు దాన్నే చూసింది.

"పైన గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టి చూడరాదూ?"

కరిగిపోతుందమ్మా అన్నా.

"సరే అయితే, అది తీసెయ్. ఫోన్లోనే పెట్టు, ఆ తల్లి లేని పాట."